చెవితో చదవాల్సిన నవల



1969లో లెగో అనే బొమ్మల కంపెనీ టీవీ ప్రకటనకు ఒక చిన్న బాణీ కావలసి వచ్చింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఇళ్ళూ వంతెనలూ కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలు తెలుసుగా, అవే. బాణీ కట్టినవాడు జెఫ్ వెయిన్. న్యూయార్క్‌లో పుట్టి, లండన్‌లో ప్రకటనలకు సంగీతం చేసుకుంటున్న కుర్రాడు. ప్రకటన వచ్చింది, పోయింది. బాణీ మాత్రం పోలేదు. పాల్ విగ్రాస్, గ్యారీ ఆస్బర్న్ అనే ఇద్దరు గాయకులు దానికి మాటలు చేర్చి 1972లో పాటగా పాడారు. ఇంకో ఆరేళ్ళకు అదే బాణీ మరో అవతారం ఎత్తింది. అంగారకుడి మీంచి దిగిన జీవులు లండన్ జనాన్ని తరిమితరిమి కొడుతుంటే, ప్రియురాలు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియని ఒక మనిషి పాడుకునే పాట అయింది. బ్రిటన్ సింగిల్స్ పట్టికలో అయిదో స్థానం దాకా ఎక్కింది. పాట పేరు ‘ఫరెవర్ ఆటమ్’. పాడింది మూడీ బ్లూస్ బృందం గాయకుడు జస్టిన్ హేవర్డ్.

ఈ పాట ఉన్న ఆల్బమ్ 1978 జూన్‌లో వచ్చింది. రెండు పెద్ద రికార్డులు, గంటన్నర పైచిలుకు నిడివి. హెచ్.జి. వెల్స్ 1898లో పుస్తకంగా ప్రచురించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవలకు జెఫ్ వెయిన్ చేసిన సంగీత రూపం అది. లోకమంతా కలిపి కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో అది కనిపించిన వారాలన్నీ కూడితే అయిదేళ్ళు దాటతాయి. అక్కడ ఒక తరం పిల్లలకు వెల్స్ అంటే ముందు ఈ రికార్డే. అట్ట మీద మూడుకాళ్ళ యంత్రం బొమ్మ చూసి జడుసుకుని, ఆ పైన రికార్డు విని, ఎన్నో ఏళ్ళకు గానీ అసలు నవల తెరవనివాళ్ళు కొల్లలు.

ఈ ప్రసంగం అలా వెనకనుంచి వచ్చిన పాఠకుల గురించి. ఇష్టమైన పాటలు నోటికి వచ్చేసిన తర్వాత, వాటికి మూలమైన నవల చదివితే ఏమవుతుంది?

సినిమా చూసి నవల చదివినప్పుడు కళ్ళకు ఇబ్బంది. హీరో మొహం పేజీ మీదికి వచ్చి కూర్చుంటుంది, ఎంత తోసినా పోదు. ఆల్బమ్ విని చదివినప్పుడు ఆ బాధ లేదు, ఎందుకంటే మొహాలు లేవు. కానీ చెవిలో ఒక లయ ముందే ఉంటుంది. ఆ లయ పేజీతో కలిసినచోట ఒళ్ళు జలదరిస్తుంది, కలవనిచోట పాఠకుడు ఆగి ఆలోచిస్తాడు. ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ విషయంలో ఆగాల్సిన చోట్లే ఎక్కువ విలువైనవి.

1970లలో పాశ్చాత్య రాక్ సంగీతానికి ఈ నవలల పిచ్చి గట్టిగానే పట్టింది. రిక్ వేక్‌మన్ 1974లో జూల్ వెర్న్ భూగర్భ యాత్రను లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి వేదిక మీదే రికార్డు చేశాడు. కెనడా బృందం రష్ 1976లో చేసిన ‘2112’కు ఐన్ రాండ్ రాసిన ‘యాంథెమ్’ ప్రేరణ. మరుసటి ఏడాది అలన్ పార్సన్స్ ప్రాజెక్ట్ అసిమోవ్ ‘ఐ, రోబో’ను పట్టుకుంది. అసిమోవ్‌కు అభ్యంతరం లేకపోయినా హక్కులు అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉన్నాయి. దాంతో ఆ బృందం పేరులోంచి కామా ఒక్కటి తీసేసి ‘ఐ రోబో’ అని పెట్టుకుని బయటపడింది. ఇన్నింటిలో మూలాన్ని దగ్గరగా పట్టుకుని నడిచింది మాత్రం వెయిన్ ఆల్బమే. వెల్స్ నవల రెండు భాగాలు, ఒకటి మార్షియన్ల, అంటే అంగారకవాసుల రాక, రెండోది మార్షియన్ల కింద భూమి. వెయిన్ రికార్డులు రెండూ అవే పేర్లతో, అదే విభజనతో ఉంటాయి.

నవలను వెయిన్ చేతిలో పెట్టింది అతని తండ్రి జెర్రీ వెయిన్. ఆయన స్వయంగా గాయకుడు, నటుడు. సంగీతానికి పనికొచ్చే కథ కోసం వెతుకుతున్న కొడుక్కి కొన్ని పుస్తకాలు సూచించాడు, వాటిలో ఇది ఒకటి. జెఫ్ సవతి తల్లి డోరీన్ వెయిన్ నవలను కుదించి స్క్రిప్టు రాసింది. వెల్స్ 1946లో పోయాడు, కాబట్టి అప్పటికి కాపీహక్కు గడువు ఇంకా తీరలేదు. వారసుల దగ్గర అనుమతి సంపాదించాకే పని మొదలైంది. రికార్డింగు లండన్ అడ్విజన్ స్టూడియోలో 1976, 77లలో సాగింది. ఖర్చు అనుకున్నదానికి కొన్ని రెట్లు పెరిగి, వెయిన్ తను దాచుకున్న డబ్బు కూడా అందులో పోశాడు.

కథ చెప్పే గొంతు రిచర్డ్ బర్టన్‌ది. ఆయన అప్పుడు న్యూయార్క్‌లో ‘ఈక్వస్’ నాటకం ఆడుతున్నాడు. వెయిన్ ఉత్తరం రాశాడు, బర్టన్ సరే అన్నాడు. వేల్స్ బొగ్గుగనుల నేల నుంచి వచ్చిన ఆ గొంతులో ఒక బరువు ఉంది. నవల మొదటి పేరాను, దాదాపు వెల్స్ మాటల్లోనే, ఆయన తాపీగా చదువుతాడు. చదవడం ఆపిన మరుక్షణం తీగవాద్యాలు ఒక్కసారి విరుచుకుపడతాయి. కిందినుంచి డిస్కో రోజుల దరువు, మీదినుంచి సింథసైజర్. బేస్ గిటార్ హెర్బీ ఫ్లవర్స్‌ది. లూ రీడ్ ‘వాక్ ఆన్ ది వైల్డ్ సైడ్’లో జారుతూ జారుతూ వినిపించే ఆ బేస్ వాయించినవాడే. ఇంకో వాద్యకారుడి పేరు మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. జార్జ్ ఫెంటన్ ఇందులో సంతూర్ వాయించాడు. ఆ తర్వాత నాలుగేళ్ళకు అటెన్‌బరో ‘గాంధీ’ సినిమాకు రవిశంకర్‌తో కలిసి సంగీతం చేసింది ఈ ఫెంటనే.

తెలుగు శ్రోతకు ఈ ఆల్బమ్ రూపం అంత కొత్తగా అనిపించదు. ఒకడు నిలబడి కథ చెబుతాడు, కథ బరువెక్కినచోట పాట అందుకుంటుంది, పాట చల్లారగానే మళ్ళీ వచనం. మన హరికథ చేసేది అదే. తేడా ఏమిటంటే దాసుగారు పాత్రలన్నీ తానే అవుతాడు, ఇక్కడ ఒక్కో పాత్రకూ ఒక్కో గాయకుడు వస్తాడు. ఫిరంగి దళం సిపాయిగా డేవిడ్ ఎసెక్స్, మతి చెడిన పాస్టర్‌గా థిన్ లిజ్జీ బృందం ఫిల్ లైనట్, ఆయన భార్యగా జూలీ కవింగ్టన్. బర్టన్ ఒక్క పాటా పాడడు. పాడకపోవడమే మంచిదైంది.

ఇక నవల.

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1895లో వోకింగ్ అనే ఊరికి మకాం మార్చాడు. లండన్‌కు నైరుతిగా రైలు దూరంలో ఉన్న ఊరు, రైలు పట్టాలకు ఎదురుగా చిన్న ఇల్లు. అప్పుడే సైకిల్ నేర్చుకున్నాడు. పగలు సైకిలెక్కి చుట్టుపక్కల తిరుగుతూ, తన మార్షియన్లు ఏ ఇంటిని కూల్చాలి, ఎవరిని మట్టుపెట్టాలి అని గుర్తులు పెట్టుకునేవాడు. ఈ సంగతి ఆయనే తరవాత ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఇరుగుపొరుగుకు తెలిసి ఉంటే పలకరింపులు తగ్గేవేమో. మార్షియన్లను మోసుకొచ్చిన మొదటి గొట్టం పడిన హార్సెల్ కామన్ నిజమైన చోటు. అక్కడి ఇసుక గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. వోకింగ్ ఊరు నడిమధ్యలో నవలకు నూరేళ్ళయిన సందర్భంగా ఏడు మీటర్ల ఎత్తున మూడుకాళ్ళ ఉక్కు యంత్రాన్ని నిలబెట్టారు. తమ ఊరిని బూడిద చేసినవాడికి అంత మర్యాద చేసిన ఊరు బహుశా అదొక్కటే.

వెల్స్ తెలుగువాళ్ళకు పరాయివాడేమీ కాదు. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ తీయడానికి సింగీతం శ్రీనివాసరావుకు ప్రేరణ ఇచ్చింది వెల్స్ మొదటి నవల ‘ది టైమ్ మెషీన్’. శ్రీకృష్ణదేవరాయల కొలువుకు మనల్ని తీసుకెళ్ళిన యంత్రం పుట్టిల్లు 1895 ఇంగ్లండు. అయితే ‘టైమ్ మెషీన్’ చదివిన అలవాటుతో ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ తెరిస్తే కుదరదు. అది కళ్ళకు బొమ్మలు చూపించే కథ. ఇది చెవులకు చెప్పే కథ. వెయిన్ ఆల్బమ్ వినివచ్చిన పాఠకుడికి మొదటి ఆశ్చర్యం ఇదే. సంగీతం వెయిన్ తెచ్చి అతికించింది కాదు, నవల లోపలే ఉంది.

మొదటి అధ్యాయం చివర, ఇంకా ఏమీ జరగని ఒక వేసవి రాత్రి, కథకుడు భార్యతో షికారు వెళ్తాడు. ఆకాశంలో కుజుణ్ణి ఆమెకు చూపిస్తాడు. మన దగ్గర కుజుడంటే పెళ్ళిసంబంధాల దగ్గర మాత్రమే భయం, వాళ్ళకు అదీ లేదు. అప్పుడు దూరంగా స్టేషన్లో పెట్టెలు ఒక లైను మీంచి ఇంకో లైనుకు మారుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఇనుము ఇనుముతో ఢీకొట్టుకునే ఆ మోత అంత దూరం ప్రయాణించేసరికి దాదాపు సంగీతంగా మెత్తబడిందని రాస్తాడు వెల్స్. వినాశనం రాకముందు ఒక నాగరికత ఎలా వినిపిస్తుందో ఆ ఒక్క వాక్యంలో పట్టుకున్నాడు.

ఆ తర్వాత గొట్టం. తెల్లవారుజామున ఓగిల్వీ అనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని వెతుక్కుంటూ వెళ్తాడు. ఇసుకలో కూరుకుపోయి, పైన బూడిద పట్టి, ఇంకా సెగలు కక్కుతూ ఉంటుంది. లోపలినుంచి ఏదో సన్నగా కదిలిన చప్పుడు. వేడి లోహం ఒక పక్క ముందు, ఒక పక్క తర్వాత చల్లారడం వల్ల వచ్చే శబ్దం అనుకుంటాడు, శాస్త్రవేత్త కదా. తర్వాత అంచు మీది నల్లమచ్చ ఒకటి అయిదు నిమిషాల కింద తన దగ్గర ఉండి ఇప్పుడు అటుపక్కకు చేరినట్టు గమనిస్తాడు. అప్పుడు గానీ వెలగదు: మూత తిరుగుతోంది, లోపలినుంచి ఎవరో మర తిప్పుతున్నారు. ఓగిల్వీకి కలిగే మొదటి ఆలోచన భయం కాదు. లోపల మనుషులున్నారు, కాలిపోతున్నారు, సాయం చేయాలి అని ముందుకు ఉరుకుతాడు. వేడి ఆపేస్తుంది. ఊళ్ళోకి పరిగెత్తి కనిపించినవాళ్ళకల్లా చెబితే పిచ్చివాడనుకుంటారు. చివరికి తోటలో ఉన్న హెండర్సన్ అనే లండన్ విలేకరికి చెబుతాడు. ఆయన మళ్ళీ చెప్పమంటాడు. ఎందుకంటే ఒక చెవి వినపడదు. మనిషి చరిత్రలోకెల్లా పెద్ద వార్త మొట్టమొదట చేరిన పత్రికా విలేకరికి ఒక చెవి చెవుడు! వెల్స్ ఆ మాట రాసి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతాడు.

ఆల్బమ్‌లో ఈ ఘట్టం బేస్ గిటార్ అడుగుల మీద నడుస్తుంది. మూత మర విప్పుకునే చప్పుడు కోసం స్టూడియోలో రెండు వంటగిన్నెలు ఒకదానికొకటి రాపాడించారని చెబుతారు. వింటే గిన్నెలని ఎవరూ అనుకోరు. వెన్నులోంచి పోతుంది ఆ చప్పుడు.

ఇంకా గట్టి ఉదాహరణ రెండో భాగంలో ఉంది. కథకుడూ, పాస్టరూ ఒక పాడుబడిన ఇంట్లో చిక్కుకుంటారు. అయిదో గొట్టం వచ్చి సరిగ్గా పక్కనే పడింది. గోడకున్న చీలికలోంచి మార్షియన్లను చూస్తూ, తిండి లెక్కపెట్టుకుంటూ రెండు వారాలు గడపాలి. ఒకరోజు కథకుడు బొగ్గుల కొట్లో దూరి, చీకట్లో బొగ్గు కింద పడుకుని ఉంటాడు. ఏమీ కనిపించదు. యంత్రం తాలూకు పొడవాటి చేయి వంటింట్లోంచి పాకుతూ వస్తున్న చప్పుడు. తలుపు గడియ తడుముకుంటున్న చప్పుడు. గడియ తీయడం దానికి తెలుసు! తలుపు తెరుచుకుంటుంది. గోడను, బొగ్గును, కప్పును తట్టి చూస్తుంది. అతని బూటు మడమను తాకుతుంది. అరవకుండా ఉండడానికి అతను తన చేతిని తనే కొరుక్కుంటాడు. క్లిక్‌మని ఏదో పట్టుకుంటుంది. తననే పట్టుకుందనుకుంటాడు. కాదు, బొగ్గుపెళ్ళ. అది వెనక్కి జారుకుని, సామాను గదిలోకి వెళ్ళి, అక్కడ బిస్కెట్ డబ్బాలు గలగలలాడి, ఒక సీసా భళ్ళున పగిలి, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇది రేడియో నాటక రచయిత రాయాల్సిన ఘట్టం. రేడియో నాటకాలు పుట్టడానికి పాతికేళ్ళ ముందు ఒక నవలాకారుడు రాసిపెట్టాడు.

ఈ ఘట్టానికి ముందు జరిగింది ఆల్బమ్ పూర్తిగా చెప్పదు. నవలలో పాస్టర్‌కు భార్య లేదు, పాట లేదు, మంచితనం మీద చర్చ లేదు. ఉన్నదల్లా తిండికి ఆగలేక, నోరు మూసుకోలేక, అందరి ప్రాణాల మీదికి తెచ్చే ఒక పిరికివాడు. అతను కేకలు పెడుతూ బయటికి పోబోతుంటే కథకుడు మాంసం కొట్టే కత్తి అందుకుని, చివరి క్షణంలో పదును వెనక్కి తిప్పి, మొద్దు వైపుతో కొడతాడు. పడిపోయిన మనిషిని యంత్రం ఈడ్చుకుపోతుంది. కథకుడి చేతికి అంటిన ఆ రక్తాన్ని వెల్స్ కడగడు. ఆల్బమ్‌లో పాస్టర్ కథ వచ్చే భాగంలో ఫిల్ లైనట్, జూలీ కవింగ్టన్ పాడే ‘ది స్పిరిట్ ఆఫ్ మ్యాన్’ వస్తుంది. ఆశ చావలేదంటూ ఆమె, అంతా సైతానే అంటూ అతను. పాట గొప్పది, అనుమానం లేదు. కానీ వెల్స్ పాఠకుణ్ణి పడేసిన గుంటలోంచి అది చేయి పట్టుకుని పైకి లాగేస్తుంది.

ఇలాంటి మెత్తబరచడాలు ఇంకా ఉన్నాయి. నవలలో కథకుడి భార్యకు పేరే లేదు. కథ మొదట్లోనే లెదర్‌హెడ్‌లో బంధువుల ఇంటికి చేరి, చివరి పేజీలలో తిరిగి కనిపిస్తుంది. ఆల్బమ్‌లో భార్య స్థానంలో ప్రియురాలు కేరీ ఉంది, ‘ఫరెవర్ ఆటమ్’ ఆమె కోసమే. థండర్ చైల్డ్ అనే యుద్ధనౌక మార్షియన్ల మీదికి నేరుగా దూసుకెళ్ళే దృశ్యం నవలలో కథకుడు చూడనే చూడడు. చూసేది వైద్యం చదువుతున్న అతని తమ్ముడు. తమ్ముడి కథంతా వెయిన్ తీసేసి, దృశ్యాన్ని మాత్రం అన్నకు ఇచ్చేశాడు. ఆ మార్పు సరైనదే. గంటన్నరలో ఇద్దరు కథకులు ఉంటే శ్రోత తికమకపడతాడు.

ఫిరంగి సిపాయి దగ్గర మాత్రం నవలదే పైచేయి. పాతాళంలో, లండన్ మురుగు సొరంగాలలో కొత్త ప్రపంచం కడతానంటాడు అతను. డేవిడ్ ఎసెక్స్ పాట పన్నెండు నిమిషాలు ఉత్సాహంతో ఉరకలేస్తుంది. ఇంతా చేసి వారంలో తవ్వింది పది గజాలు. నవలలో ఆ తర్వాత ఏం చేస్తాడు? తవ్వడం మానేసి షాంపేన్ తీస్తాడు, చుట్టలు తీస్తాడు, పేకాటకు కూర్చోబెడతాడు. లండన్‌ను ఇద్దరూ చెరిసగం పంచుకుని, ఒక్కో పేటను పందెం కాస్తూ ఆడతారు. ప్రపంచం మునిగిపోతుంటే పేటలు పందెం! ఉపన్యాసాలతో విప్లవం తెచ్చే మనిషిని ఇంత కచ్చితంగా, ఇంత తక్కువ మాటల్లో పట్టుకున్న పేజీలు అరుదు. కథకుడూ ఆ రాత్రి సరదాగా ఆడాడని వెల్స్ దాచకుండా చెబుతాడు.

అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం ‘ఉల్లా’ దగ్గర. ఆల్బమ్ విన్నవాళ్ళెవరూ ఆ కేకను మరచిపోరు. గిటార్ ధ్వనిని గొట్టంలోంచి నోట్లోకి పంపి మనిషి మాటలా పలికించిన కేక అది. మూడుకాళ్ళ యంత్రాలు ఊళ్ళు తగలబెట్టిన ప్రతిసారీ విజయగర్జనలా మోగుతుంది. ఆ గర్జన కోసమే ఎదురుచూస్తూ నవల చదివే పాఠకుడు మొదటి భాగమంతా తిప్పేస్తాడు, అది రాదు. అక్కడ మార్షియన్ల కేక వేరు. ‘ఉల్లా’ వచ్చేది చివర్లో, మృత లండన్ అధ్యాయంలో. జనం లేని వీధుల్లో నడుస్తున్న కథకుడికి రెండే స్వరాల మధ్య ఊగుతూ, వెక్కివెక్కి ఏడ్చినట్టు వినిపిస్తుంది. వెల్స్ పుస్తకంలో అది గెలుపు కేక కాదు, చస్తున్న జీవి ఏడుపు. నడుస్తుండగానే అది ఠక్కున ఆగిపోతుంది. అది మోగుతున్నంతసేపూ నగరంలో ఏదో ప్రాణం ఉన్నట్టుండేదని, ఆగిన తర్వాతి నిశ్శబ్దం భరించలేకపోయానని అంటాడు కథకుడు. ఇది తెలిశాక రికార్డు మళ్ళీ పెట్టి వింటే మొదటి వైపు గర్జనల్లో కూడా ఆ ఏడుపు వినిపించడం మొదలవుతుంది. వెయిన్ అలా ఉద్దేశించాడో లేదో గానీ, నవల చదివినవాడు ఆ తర్వాత వేరేగా వినలేడు.

ఆ కేక కథకుడికి మొదట ఎక్కడ వినిపించిందో కూడా చూడాలి. సౌత్ కెన్సింగ్టన్‌లో, ఎగ్జిబిషన్ రోడ్డు దగ్గర. యువకుడిగా వెల్స్ టి.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్న కళాశాల ఆ రోడ్డు మీదే ఉండేది. మార్షియన్లను చంపింది ఫిరంగులు కాదు, సూక్ష్మజీవులు. సూక్ష్మజీవుల పాఠం నేర్చుకున్న గుమ్మం ముందే ఆ చావు కేకను వినిపించాడు.

సూక్ష్మజీవుల మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి. నవల పుస్తకం కాకముందు పియర్సన్స్ మ్యాగజైన్‌లో 1897 ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా ధారావాహికగా వచ్చింది. సరిగ్గా అదే ఏడాది ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇంగ్లండులో ఒక రచయిత, పరాయి నేలను ఆక్రమించినవాణ్ణి ఆ నేల జ్వరమే పడగొడుతుందని కథ చెబుతున్నాడు. సికింద్రాబాద్‌లో ఒక వైద్యుడు, ఆక్రమించినవాణ్ణి ఆ జ్వరం ఎలా పడగొడుతోందో కనిపెడుతున్నాడు. ఒకరికొకరు తెలియదు. ఆ రోజుల్లో ఆఫ్రికాలోనూ ఇండియాలోనూ తెల్లసిపాయిలను తుపాకులకంటే జ్వరాలే ఎక్కువ పొట్టనపెట్టుకునేవి. బ్రిటిష్ సామ్రాజ్యానికి ఒక రాస్ దొరికాడు, మార్షియన్లకు దొరకలేదు.

వెల్స్‌కు ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. నవల మొదటి అధ్యాయంలోనే, మార్షియన్లను తిట్టే ముందు మనం ఏం చేశామో చూసుకోవాలంటూ టాస్మేనియా పేరెత్తుతాడు. యూరప్ నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు అక్కడి జనాన్ని యాభై ఏళ్ళలో తుడిచిపెట్టారని గుర్తుచేస్తాడు. కథకు బీజం ఆయన అన్న ఫ్రాంక్‌తో నడుస్తూ మాట్లాడుకున్న మాటల్లో పడింది. నవల అంకితం కూడా ఆ అన్నకే, ఆలోచన నీదే అంటూ. విక్టోరియా రాణి అరవయ్యేళ్ళ పాలనకు లండన్ తోరణాలు కట్టుకున్న 1897లోనే, అదే లండన్‌ను ఖాళీ చేయించి, మీరు ఇతరులకు చేసింది ఇదే అని పాఠకులకు నెలనెలా చెప్పడానికి గుండె కావాలి.

ఆల్బమ్‌లో టాస్మేనియా లేదు. బర్టన్ గొంతు ఆ వాక్యాల మీంచి దాటిపోతుంది. సంగీతానికి అక్కడ ఆగే తీరిక లేదన్నది నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క పేరా పోవడంతో కథ స్వభావమే మారింది. వెయిన్ వినిపించేది అమాయకమైన ఇంగ్లండు మీద అన్యాయంగా పడిన ఆపద. వెల్స్ రాసింది ఒక లెక్క తిరగబడడం. ఈ ప్రసంగకర్త దృష్టిలో ఆల్బమ్ విన్నవాళ్ళు నవల చదివి తీరాల్సింది మొదట ఆ పేరా కోసమే.

రేడియోలో మాట్లాడుతూ రేడియో సంగతి వదిలేయడం బాగుండదు. 1938 అక్టోబర్ 30 రాత్రి ఆర్సన్ వెల్స్ అనే ఇరవై మూడేళ్ళ నటుడు అమెరికాలో సీబీఎస్ రేడియోలో ఈ నవలను వార్తాప్రసారాల రూపంలో నాటకంగా వేశాడు. వోకింగ్ పోయి న్యూజెర్సీలో గ్రోవర్స్ మిల్ వచ్చింది. కొందరు నిజమేననుకుని హడలిపోయారు. దేశమంతా వీధుల్లో పడిందన్నది మాత్రం మర్నాటి పత్రికలు పెంచిన కథ అని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. రేడియో మీద పత్రికలకు అప్పట్లో ఉన్న కడుపుమంట కూడా అందుకు కొంత కారణమట. రెండేళ్ళ తర్వాత పెద్ద వెల్స్, చిన్న వెల్స్ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో కలుసుకుని ఒక రేడియో స్టేషన్లో కబుర్లు చెప్పుకున్నారు కూడా. ఆ ప్రసారం జరిగిన నలభై ఏళ్ళకు జెఫ్ వెయిన్ ఆల్బమ్‌ను విడుదల చేసిన రికార్డు కంపెనీ అదే సీబీఎస్ కుటుంబానిది.

రేడియో, రికార్డు రెండూ నవలలో ఒకే సుగుణాన్ని పట్టుకున్నాయి. మార్షియన్లను ఎంత తక్కువ చూపిస్తే అంత భయం. 1953లోనూ 2005లోనూ వచ్చిన సినిమాలు ఖర్చుకు వెనకాడలేదు, యంత్రాలు కళ్ళముందు నిలబడ్డాయి. అయినా బొగ్గుల కొట్లో గడియ చప్పుడుకు అవి సాటిరావు.

ఆల్బమ్ ముగింపు వెయిన్ సొంతం. నవల అయిపోయాక, కథ ఒక్కసారి మన కాలానికి దూకుతుంది. కాలిఫోర్నియాలో పాసడీనా నుంచి నాసా వాళ్ళు అంగారకుడి మీద దిగిన తమ నౌకతో మాట్లాడుతుంటారు, సంకేతాలు ఒక్కొక్కటే తెగిపోతాయి. గాలివాటు ఊహ కాదు ఇది. రికార్డింగు జరుగుతున్న రోజుల్లోనే, 1976 జులై 20న వైకింగ్ 1 నిజంగా అంగారకుడి మీద దిగింది. దానిలో జీవం కోసం వెతికే పరికరాలున్నాయి. అవి వెతికింది సూక్ష్మజీవుల కోసమే. రికార్డు కొన్నవాళ్ళకు ఆ వార్తలు ఇంకా తాజాగా గుర్తున్నాయి కాబట్టి చివరి నిమిషం బాగా పట్టి ఉంటుంది. ఇప్పుడు వింటే అది కాస్త చౌకబారు బెదిరింపులా తోస్తుంది. నవల ముగింపు అంతకంటే బలమైనది. అంతా సర్దుకుని జనం లండన్ వీధుల్లో మామూలుగా తిరుగుతుంటే, కథకుడికి వాళ్ళంతా చచ్చినవాళ్ళ దయ్యాల్లా కనిపిస్తారు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళ మనసులు ఎలా దెబ్బతింటాయో వెల్స్ పట్టుకున్న పేజీలవి.

2006 నుంచి వెయిన్ ఈ ఆల్బమ్‌ను వేదిక మీద స్వయంగా ఆర్కెస్ట్రా నడిపిస్తూ ప్రదర్శిస్తున్నాడు. 1984లో పోయిన బర్టన్ మొహాన్ని తెర మీద తెప్పించి, ఆ పాత గొంతుతోనే కథ చెప్పించాడు. 2012లో లియామ్ నీసన్ గొంతుతో కొత్త రికార్డింగు చేశాడు. అందులో ధ్వని శుభ్రంగా ఉంది, సౌకర్యాలన్నీ ఉన్నాయి. కానీ మొదటిసారి వినేవాళ్ళు 1978 నాటి దానితోనే మొదలుపెట్టడం మేలు. నవల కాపీహక్కు బ్రిటన్‌లో కూడా 2016 చివరితో తీరిపోయింది. పుస్తకం మరీ పెద్దది కాదు, రెండు సెలవురోజులు చాలు. బొగ్గుల కొట్టు ఘట్టం రెండో భాగం నాలుగో అధ్యాయంలో ఉంటుంది. అది చదివేటప్పుడు రికార్డు ఆపేయడం మంచిది.